దూరపు గెలాక్సీల చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్‌ని ఎలా తూస్తారు? నక్షత్రాలు పుట్టడానికి అది ఎంత కావాలి?

రేగడినేల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మూడో ఏడాది బీఎస్సీ పిల్లలతో శనివారం సాయంత్రం ఒక గంట, సిలబస్‌తో పని లేకుండా, ఖగోళశాస్త్రం మాట్లాడుకుంటాం. మొన్న డార్క్ మ్యాటర్ దగ్గరికి వచ్చాం. వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఆండ్రోమెడా గెలాక్సీ మీద చేసిన కొలతల్ని గ్రాఫ్ గీసి చూపించాను. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ తిరిగే వేగం తగ్గాలి, తగ్గడం లేదు, కాబట్టి కంటికి కనబడని బరువేదో చుట్టూ ఉంది. అంతవరకూ పిల్లలకి బాగానే అర్థమైంది.

అప్పుడు ఒక అమ్మాయి లేచి అడిగింది: "సర్, నక్షత్రాలు జోరుగా పుట్టే గెలాక్సీకి కనీసం 30,000 కోట్ల సూర్యుల బరువున్న డార్క్ మ్యాటర్ ఉండాలని హెర్షెల్ టెలిస్కోప్ వాళ్లు చెప్పారట. అంత దూరంలో ఉన్న గెలాక్సీలు ఫొటోలో విడివిడిగా కూడా కనబడవు కదా. వాటి చుట్టూ ఉన్న, అసలు కనబడనే కనబడని పదార్థాన్ని ఎలా తూచారు?" నేను చెప్పగలిగింది భ్రమణ వేగం పద్ధతి ఒక్కటే. అది ఇక్కడ పనిచేయదని నాకే అనిపించింది.

దాని వెనకే ఇంకో అబ్బాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్లు కూడా నిండకముందే వెలుగుతున్న గెలాక్సీలు దొరికాయి కదా, అంత త్వరగా అంత డార్క్ మ్యాటర్ ఎలా పోగైంది అని వాడి ప్రశ్న. బిగ్ బ్యాంగే తప్పని తేలిపోయిందంటూ వాడు చూసిన యూట్యూబ్ వీడియోలు క్లాసులో సగం మంది చూశారు.

రెండూ గట్టి ప్రశ్నలు. వాళ్లకి గాలి మాటలు చెప్పడం నాకిష్టం లేదు. ఈ రంగంలో పనిచేసినవాళ్లు కాస్త వివరంగా చెబితే శనివారం నాటికి సిద్ధమవుతాను.

దుర్భిణి:

మాస్టారూ, ముందు మీ గ్రాఫ్‌నే దూరానికి తీసుకెళ్లినవాళ్ల సంగతి చెబుతాను. నాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఖగోళం ఇష్టంతో చదువుకునేది, కాబట్టి తెలిసినవాళ్లు మిగతాది పూరించండి.

చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో రైన్‌హార్డ్ గెంజెల్ బృందం ఆరు గెలాక్సీల భ్రమణాన్ని కొలిచి 2017లో ప్రచురించింది. వాటి కాంతి బయలుదేరి 700 నుంచి 1,100 కోట్ల ఏళ్లయింది. గెలాక్సీ తిరుగుతుంటే హైడ్రోజన్ వెలువరించే గీత ఒక పక్క కాస్త నీలం వైపు, రెండో పక్క కాస్త ఎరుపు వైపు జరుగుతుంది. ఆ జరుగుడు నుంచి వేగం వస్తుంది. ఆండ్రోమెడాలో చదునుగా సాగిన గ్రాఫ్ ఈ ఆరింటిలో బయటికి వెళ్లేకొద్దీ కిందికి దిగింది! డిస్క్ (నక్షత్రాలూ వాయువూ తిరిగే చదునైన పళ్లెం) ఉన్నంత మేర బరువులో ఎక్కువ భాగం వాయువుదీ నక్షత్రాలదీ అన్నమాట. దీన్ని పట్టుకుని ఆ కాలంలో డార్క్ మ్యాటర్ లేదని రాసినవాళ్లున్నారు. గెంజెల్ బృందం అలా అనలేదు. హేలో, అంటే గెలాక్సీని చుట్టి ఉండే డార్క్ మ్యాటర్ ముద్ద, ఉంది, కానీ డిస్క్‌ని దాటి చాలా దూరం పరుచుకుని ఉంది, లోపలి భాగంలో మాత్రం వాయువుదే పైచేయి అన్నారు. తర్వాత వేరే బృందాలు, వాయువులోని అల్లకల్లోలం వల్ల వచ్చే ఒత్తిడిని మరో విధంగా సరిచేస్తే గ్రాఫ్ చదునుగానే వస్తోందని చూపించాయి. ఆ చర్చ ఇంకా తెగలేదు.

ఎవరు గెలిచినా, గెలాక్సీ వెలుగు ఎక్కడ ఆగిపోతుందో ఈ పద్ధతి కూడా అక్కడే ఆగిపోతుంది. హేలో అంతకన్నా పది రెట్లు బయటికి ఉంటుంది. దాని మొత్తం బరువు ఇందులోంచి రాదు.

ఉత్తరాషాఢ:

ఆ అమ్మాయి ప్రశ్న చదివి చాలా సంతోషమేసింది. నా పీహెచ్‌డీ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇప్పటికీ చేస్తున్న పని అదే.

సూటిగా చెప్పాలంటే, గెలాక్సీలని ఒక్కొక్కటిగా తూయం. ఒకే రకం గెలాక్సీలని వేలల్లో, వీలైతే లక్షల్లో తీసుకుని, అవి ఆకాశంలో ఎంత గుంపులుగా ఉన్నాయో కొలుస్తాం. హేలో బరువు ఆ గుంపుతనం నుంచి వస్తుంది.

ఎందుకు వస్తుందో మీ పిల్లలకి ఇలా చెప్పి చూడండి. ఆంధ్రప్రదేశ్ మ్యాప్ తీసుకుని సముద్రమట్టానికి 100 మీటర్ల పైన ఉన్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టమనండి. చుక్కలు రాష్ట్రంలో చాలా మేర పరుచుకుంటాయి. 1,400 మీటర్ల పైన ఉన్నచోట్లకే పెట్టమంటే దాదాపు అన్నీ పాడేరు, అరకు చుట్టుపక్కలే పడతాయి. పెద్ద శిఖరం ఎత్తైన నేల మీదే లేస్తుంది, కాబట్టి దాని పక్కన ఇంకో పెద్ద శిఖరం ఉండే అవకాశం ఎక్కువ. తొలినాళ్ల విశ్వంలో పదార్థం కూడా ఎత్తుపల్లాలుగానే ఉంది. బరువైన హేలో తయారయ్యేది అరుదైన పెద్ద శిఖరం దగ్గర. అందుకే బరువైన హేలోలు గుంపులుగా, తేలికవి చెదురుగా ఉంటాయి. గెలాక్సీ క్లస్టర్లు (వందలు, వేల గెలాక్సీలున్న గుంపులు) ఎందుకంత దగ్గర దగ్గరగా ఉన్నాయో వివరించడానికి నిక్ కైజర్ 1984లో దీన్ని గణితంగా రాశాడు. ఆ చిన్న పేపర్ మీదే మా రంగంలో సగం నిలబడింది.

కొలిచేదేమిటంటే, ఒక గెలాక్సీకి ఇంత కోణం దూరంలో ఇంకో గెలాక్సీ కనబడే అవకాశం, ఊరికే చల్లేసినట్టు ఉంటే ఉండాల్సిన దానికన్నా ఎంత ఎక్కువ అన్నది. అసలు మ్యాప్‌లో జతలు లెక్కపెడతాం, కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా చల్లిన చుక్కల మ్యాప్‌లో జతలు లెక్కపెడతాం, పోలుస్తాం. చెమట పట్టించేది ఆ రెండో మ్యాప్. ఎక్కడ మన పాలపుంత నక్షత్రం అడ్డొచ్చింది, కెమెరా అంచున ఎంత మసక ఉంది, ఏ రాత్రి పలచటి మబ్బు పట్టింది, ఇవన్నీ అందులోనూ ఉండాలి. లేకపోతే మబ్బు ఆకారాన్ని కొలిచి డార్క్ మ్యాటర్ అని రాసేస్తాం.

ఇక హెర్షెల్. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2009 మేలో పంపింది, 3.5 మీటర్ల అద్దం, 2013 ఏప్రిల్‌లో చల్లబరిచే హీలియం అయిపోయేదాకా పనిచేసింది. నక్షత్రాలు విపరీతంగా పుట్టే గెలాక్సీల్లో ధూళి ఎక్కువ. కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతిని ఆ ధూళి మింగేసి, వేడెక్కి, దూర పరారుణంలో తిరిగి వదులుతుంది. హెర్షెల్ చూసింది ఆ వెలుగుని. సప్తర్షి మండలంలో లాక్‌మన్ హోల్ అనే చోటు ఉంది. అక్కడ మన పాలపుంత హైడ్రోజన్ చాలా పలచన, కాబట్టి దూరానికి చూడటానికి మంచి కిటికీ. అక్కడ 250, 350, 500 మైక్రాన్ల దగ్గర మ్యాప్ తీశారు. ఆ తరంగదైర్ఘ్యాల్లో గెలాక్సీలు ఒకదానిమీద ఒకటి కలిసిపోయి మసకగా కనిపిస్తాయి, మీ విద్యార్థిని సరిగ్గానే పట్టుకుంది.

ఆ మసకే ఇక్కడ పనికొచ్చింది. అలెగ్జాండర్ ఆంబ్లార్డ్, అసంత కూరే, వాళ్ల బృందం గెలాక్సీలని విడదీయడం మానేసి, మ్యాప్‌లో వెలుగు చోటుచోటుకీ ఎలా ఎక్కువ తక్కువ అవుతోందో కొలిచారు. ఏయే కోణాల దగ్గర ఈ హెచ్చుతగ్గులు ఎంత ఉన్నాయన్నది కూడా గుంపుతనం కొలతే. సుమారు 1,000 కోట్ల ఏళ్ల కిందటి ఆ వెలుగు ఎంత బరువైన హేలోల నుంచి వస్తే ఆ హెచ్చుతగ్గులు సరిపోతాయో చూస్తే, కనీస బరువు 30,000 కోట్ల సూర్యులని తేలింది. 2011లో నేచర్‌లో వచ్చింది. ఒక్క గెలాక్సీని కూడా విడిగా చూడకుండా వాటి హేలోల బరువు చెప్పారు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ పేపర్ మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. "కనీసం ఇంత ఉంటేనే నక్షత్రాలు పుడతాయి" అని పిల్లలు రాసుకోకూడదు. అంతకన్నా ఎంతో తేలికైన హేలోల్లోనూ నక్షత్రాలు పుడతాయి. హెర్షెల్ మాట్లాడింది ఏడాదికి వందల సూర్యుల బరువున్న నక్షత్రాలని పుట్టించే గెలాక్సీల గురించి. మన పాలపుంత ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు సూర్యుల బరువుకి మించి పుట్టించడం లేదు.

అసలు హేలో బరువుకీ నక్షత్రాలకీ సంబంధం ఏమిటంటే, డార్క్ మ్యాటర్ తన ఆకర్షణతో హైడ్రోజన్, హీలియంలని గుంతలోకి లాగుతుంది. వాయువు చల్లబడితేనే ఇంకా లోపలికి దిగి నక్షత్రాలవుతుంది. సైమన్ వైట్, మార్టిన్ రీస్ 1978లో వేసిన చిత్రం ఇదే, ఇప్పటికీ మేం దీని మీదే నడుస్తున్నాం. హేలో తేలికైతే గుంత లోతు చాలదు, కొన్ని సూపర్‌నోవాలు (ఆయువు తీరిన పెద్ద నక్షత్రాలు) పేలగానే వాయువు బయటికి ఎగిరిపోతుంది. హేలో మరీ బరువైతే లోపలికి పడే వాయువు తాకిడికి లక్షల డిగ్రీల పైకి వేడెక్కి చల్లబడటానికి చాలా కాలం తీసుకుంటుంది, మధ్యలోని బ్లాక్‌హోల్ దాన్ని చల్లబడనివ్వదు. ఈ రెంటి నడుమ, లక్ష కోట్ల సూర్యులకి కాస్త అటూ ఇటూగా, పని బాగా సాగే బరువు ఒకటుంది. అంత బాగా సాగినా, హేలోలోకి రావాల్సిన మామూలు పదార్థంలో సగటున ఐదో వంతు మాత్రమే నక్షత్రాలుగా మారుతుంది. నన్ను అడిగితే ఈ ఐదో వంతు దగ్గరే ఆసక్తికరమైన భౌతికశాస్త్రమంతా ఉంది. హేలో పెరుగుదల ఒక్క గురుత్వాకర్షణ లెక్క. మిగతా నాలుగు వంతుల వాయువు ఏమైందన్నది వాయువు, కాంతి, ధూళి, పేలుళ్లు అన్నీ కలిసిన చిక్కుముడి.

రేగడినేల:

మేడమ్, చాలా చాలా కృతజ్ఞతలు. మ్యాప్‌లో చుక్కల పని శనివారం క్లాసులోనే చేయిస్తాను.

ఒక సందేహం మిగిలింది. గుంపుతనం నుంచి బరువు తీయడానికి, ఎంత బరువు హేలో ఎంత గుంపుగా ఉండాలో ముందే తెలియాలి కదా. అది డార్క్ మ్యాటర్ సిద్ధాంతం నుంచే వస్తుంది. ఆ బరువుని చూపించి సిద్ధాంతం సరిగ్గా ఉందంటే చుట్టూ తిరిగి మొదటికే వచ్చినట్టు కాదా? పిల్లలు అడగకపోయినా నేనే అడిగేవాడిని. రెండోది, ఆ వెబ్ గెలాక్సీల సంగతి మిగిలిపోయింది.

ఉత్తరాషాఢ:

అడగాల్సిన ప్రశ్నే, మాస్టారూ. గుంపుతనం ఒక్కటే ఉంటే మీరన్న చిక్కు నిజంగానే ఉంది. అందుకే అదే గెలాక్సీలని వేరే తక్కెడలో పెట్టి చూడాలి.

వేరే తక్కెడ అంటే కాంతి వంగడం. బరువున్న చోట పక్కగా వెళ్లే కాంతి కాస్త వంగుతుంది, ఆ బరువు కనబడేదైనా కనబడనిదైనా సరే. దగ్గరి గెలాక్సీలకైతే వాటి వెనక ఉన్న గెలాక్సీల ఆకారాలు ఎంత సాగాయో చూసి చెబుతాం. 1,200 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల వెనక అలా చూడటానికి సరిపడా గెలాక్సీలే ఉండవు. హిరోనావ్ మియాతాకే బృందం 2022లో దీనికి దారి చూపించింది. వాళ్లు వెనక తెరగా వాడుకున్నది విశ్వంలోని అతి పాత కాంతిని, బిగ్ బ్యాంగ్ తర్వాత 3,80,000 ఏళ్లకి బయలుదేరిన మైక్రోవేవ్ నేపథ్యాన్ని. అది అన్ని గెలాక్సీల వెనకా ఉంటుంది! హవాయిలోని సుబారు టెలిస్కోప్ కెమెరా తీసిన సర్వే నుంచి ఆ కాలానికి చెందిన సుమారు 15 లక్షల గెలాక్సీలని తీసుకుని, ప్లాంక్ ఉపగ్రహం తీసిన మైక్రోవేవ్ మ్యాప్ వాటి చుట్టూ ఎంత వంగిందో సగటు చూశారు. సంకేతం ఇంకా బలంగా లేదు, కానీ ఉంది, హేలోల బరువు కొన్ని పదివేల కోట్ల సూర్యుల స్థాయిలో వచ్చింది. గుంపుతనం చెప్పేదీ ఆ స్థాయే. రెండు పద్ధతుల్లో జరిగే పొరపాట్లు వేరువేరు రకాలవి, కాబట్టి రెండూ ఒకచోటికి రావడానికి విలువుంది.

అదే సుబారు సర్వేలో యుయిచి హరికానే బృందం 40 లక్షలకి పైగా దూరపు గెలాక్సీల గుంపుతనం కొలిచింది. హేలోలోకి పదార్థం ఎంత వేగంగా పడుతోంది, అందులోంచి నక్షత్రాలు ఎంత వేగంగా పుడుతున్నాయి, ఈ రెంటి నిష్పత్తి హేలో బరువుని బట్టి మారుతోంది కానీ, రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలత, ఎక్కువైతే అంత పాత కాలం) 2 నుంచి 7 దాకా కాలాన్ని బట్టి పెద్దగా మారడం లేదని వాళ్లకి తేలింది. విశ్వం వయసు 80 కోట్ల ఏళ్లప్పుడూ, 300 కోట్ల ఏళ్లప్పుడూ అదే నిష్పత్తి అంటే చిన్న విషయం కాదు.

ఇప్పుడు వెబ్. దీనికి ఎవరూ కంగారు పడక్కర్లేదు, ఒక లెక్క చేస్తే ఎక్కడ టెన్షన్ ఉందో ఎక్కడ లేదో తెలుస్తుంది. ప్లాంక్ కొలతల ప్రకారం మొత్తం పదార్థంలో మామూలు పదార్థం వాటా 16 శాతం. ఒక హేలోకి ఉన్న ఖర్చు పరిమితి అదే. 2023 ఫిబ్రవరిలో ఇవో లాబే బృందం బిగ్ బ్యాంగ్ తర్వాత 50 నుంచి 70 కోట్ల ఏళ్ల నాటివిగా కనబడ్డ ఆరు ఎర్రటి గెలాక్సీల గురించి రాసింది. ఒక్కోదానిలో నక్షత్రాలు 1,000 కోట్ల సూర్యుల బరువుకి పైగా, ఒకదానిలో 10,000 కోట్ల దాకా ఉండవచ్చన్నారు. మైకేల్ బాయ్లన్-కోల్చిన్ వెంటనే పరిమితి లెక్కకట్టాడు. ఆ కాలానికి అంత సర్వేలో దొరకగల అతి బరువైన హేలోలని తీసుకున్నా, వాటిలోని మామూలు పదార్థం దాదాపు మొత్తం నక్షత్రాలైపోతే తప్ప లెక్క కుదరదు. ఐదో వంతు మారడమే గొప్ప అనుకున్నచోట నూటికి నూరు శాతం! యూట్యూబ్ గోలంతా ఇక్కడి నుంచే మొదలైంది.

తర్వాత జరిగింది ఆ వీడియోల్లో ఉండదు. వర్ణపటం తీస్తే ఆ ఆరింటిలో ఒకటి అనుకున్నంత దూరంలో లేదని, అందులో బ్లాక్‌హోల్ వెలుగు ఉందని తేలింది. ఎర్ర చుక్కలని పిలిచే ఈ జాతిలో చాలావాటికి బ్లాక్‌హోల్ గుర్తులున్నాయి. బ్లాక్‌హోల్ చుట్టూ వేడెక్కిన వాయువు వెలుగుని నక్షత్రాల వెలుగుగా లెక్కేస్తే బరువు అమాంతం పెరిగిపోతుంది. 2024లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం బృందం ఆ చుక్కలని పక్కనపెట్టి మిగతావాటిని లెక్కపెడితే పరిమితి దాటినవేవీ మిగల్లేదు. బరువైన గెలాక్సీలు మాత్రం అనుకున్నదానికి దాదాపు రెట్టింపు ఉన్నాయి. అంటే ఇబ్బంది తగ్గింది, పూర్తిగా పోలేదు.

మీ అబ్బాయి చెప్పిన 30 కోట్ల ఏళ్ల లోపు గెలాక్సీకి ఉదాహరణ జేడ్స్-జీఎస్-జెడ్14-0. 2024 మేలో ప్రకటించారు, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 29 కోట్ల ఏళ్లు, అడ్డంగా 1,600 కాంతి సంవత్సరాలు. చిలీలోని ఆల్మా టెలిస్కోపులు 2025లో అందులో ఆక్సిజన్‌ని కూడా పట్టుకున్నాయి. అంత తొందరగా ఆక్సిజన్ ఉందంటే, అప్పటికే ఒక తరం పెద్ద నక్షత్రాలు పుట్టి పేలిపోయి ఉండాలి. దాని నక్షత్రాల బరువు కొన్ని పదుల కోట్ల సూర్యులు. 50 కోట్లు అనుకుందాం. మామూలు పదార్థం 16 శాతం, అందులో ఐదో వంతు నక్షత్రాలు అనుకుంటే హేలో 1,560 కోట్ల సూర్యులు ఉండాలి. మీ పిల్లల్ని భయపెట్టిన 30,000 కోట్ల దరిదాపుల్లో కూడా లేదు. అంత హేలోలు ఆ వయసుకి అరుదు, కానీ సిద్ధాంతం ప్రకారం ఉండకూడనివి కావు. నక్షత్రాల వాటా సగానికి పెరిగిందనుకుంటే 625 కోట్లు చాలు, అలాంటివి ఇంకాస్త తేలిగ్గా దొరుకుతాయి.

వాటా అప్పట్లో ఎక్కువ ఎందుకుండాలి? జెరూసలేంలోని అవిషాయ్ డెకెల్ బృందం చెప్పే కారణం నాకు బాగా నచ్చుతుంది. ఆ కాలంలో వాయువు ఎంత దట్టంగా ఉండేదంటే, మేఘం కూలి నక్షత్రాలు కావడానికి 10 లక్షల ఏళ్లు చాలు. మొదటి సూపర్‌నోవాలు పేలడానికి 30 లక్షల ఏళ్లు పడుతుంది. వాయువుని ఊదేసేవాళ్లు వచ్చేలోపే పని అయిపోతుంది. ఇంకా వేరే దారులూ ఉన్నాయి. నక్షత్రాలు విడతలు విడతలుగా పుడుతుంటే, విడత నడుస్తున్న గెలాక్సీలే మన కంటపడతాయి. ధూళి ఇంకా పేరుకోలేదు కాబట్టి వెలుగంతా బయటికొస్తుంది. ఏది నిజమో తేల్చేది మళ్లీ గుంపుతనమే. వెలిగేవన్నీ బరువైన హేలోల్లోనే ఉంటే గట్టిగా గుంపుకడతాయి, తేలిక హేలోల్లో విడతలుగా వెలుగుతుంటే అంతగా గుంపుకట్టవు. వెబ్ ఫొటోలలో ఆకాశం ముక్క చిన్నది, అందుకే ఇంకా పెద్ద సర్వేలు కావాలి.

వంతెనకింద:

అక్కా, వైజాగ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మీ పోస్టులు రెండూ ప్రింట్ తీసుకున్నాను. నేను మన దేశంలో జరిగిన పని ఒకటి కలుపుతాను, మాస్టారి పిల్లలకి ఉత్సాహంగా ఉంటుందని.

పుణెలోని రేడియో ఖగోళశాస్త్ర కేంద్రం ఎన్‌సీఆర్‌ఏలో రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ వెబ్ ఫొటోలలో ఒక సర్పిల గెలాక్సీని గుర్తించి అలకనంద అని పేరు పెట్టారు. 2025 చివర్లో వార్తల్లో వచ్చింది. బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల ఏళ్లప్పటిది. ఏబెల్ 2744 అనే గెలాక్సీ క్లస్టర్ వెనక ఉంది, ఆ క్లస్టర్ బరువు దాని కాంతిని కాస్త పెద్దది చేసి చూపిస్తోంది. అంత చిన్న వయసులో రెండు చక్కటి చేతులు తిరిగి ఉన్నాయి, దాదాపు 1,000 కోట్ల సూర్యుల బరువున్న నక్షత్రాలున్నాయి, ఏడాదికి 60 సూర్యుల చొప్పున ఇంకా పుడుతున్నాయి. ఆ వేగంతో భాగిస్తే ఉన్న నక్షత్రాలన్నీ పుట్టడానికి 17 కోట్ల ఏళ్లు చాలు.

నా ప్రశ్న ఏమిటంటే, ఇంత వేగంతో పుడుతూ పోతే వాయువు ఎప్పుడో అయిపోవాలి కదా? హేలోలో డార్క్ మ్యాటర్ ఎంత ఉన్నా వాయువు లేకపోతే ఏం లాభం?

ఉత్తరాషాఢ:

అయిపోతుంది తమ్ముడూ, బయటి నుంచి కొత్తది వస్తూ ఉండకపోతే. దీని మీద కూడా మన దగ్గరే జరిగిన మంచి పని ఉంది. పుణె జిల్లా ఖోడద్‌లో ఉన్న రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ, 45 మీటర్ల డిష్‌లు 30. ఆదిత్య చౌధురి, నిసిమ్ కనేకర్, జయరామ్ చెంగలూర్ బృందం దాంతో 800 కోట్ల ఏళ్ల కిందటి 7,653 గెలాక్సీల వైపు చూసింది. చల్లటి హైడ్రోజన్ ఇచ్చే 21 సెంటీమీటర్ల రేడియో సంకేతం ఒక్కో గెలాక్సీ నుంచి పట్టుకోలేనంత బలహీనం. అన్నిటినీ ఒకదానిమీద ఒకటి కలిపి సగటు తీస్తే బయటపడింది. 2020లో నేచర్‌లో వచ్చింది. ఉన్న వాయువు అప్పటి వేగంతో 100 నుంచి 200 కోట్ల ఏళ్లకి మించి చాలదు. హేలోలోకి తాజా వాయువు రావడం మందగించింది కాబట్టే ఆ తర్వాత విశ్వమంతటా నక్షత్రాల పుట్టుక తగ్గుతూ వచ్చిందని వాళ్ల నిర్ధారణ. అలకనంద రోజుల్లో హేలోలు వేగంగా పెరుగుతున్నాయి, వాయువు రాకకి లోటు లేదు.

మాస్టారూ, శనివారానికి ఒక పని: జేడ్స్ గెలాక్సీ లెక్కని బోర్డు మీద మళ్లీ చేయించండి, కానీ 16 శాతాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చెప్పండి, అది కొలిచిన సంఖ్య. ఐదో వంతుని మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా మార్చుకోవచ్చు, 5 శాతం నుంచి 100 దాకా. హేలో బరువు ఎలా మారుతుందో గ్రాఫ్ గీస్తే, వెబ్ వచ్చాక మా వాళ్లంతా ఏ గీత మీద కొట్టుకుంటున్నారో వాళ్లకే కనబడుతుంది. ఆ అమ్మాయి ఎమ్మెస్సీ తర్వాత ఇటువైపు రావాలనుకుంటే ఇక్కడే నాకు మెసేజ్ పెట్టమనండి, పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థలు ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ ప్రవేశాల గురించి చెబుతాను.